ప్రభుత్వ పాలిటెక్నిక్‌లో వీఆర్ ప్రయోగశాల: ఏ పాఠానికి హెడ్‌సెట్ అవసరం, ఏ పాఠానికి అనవసరం?

డిప్లొమా_బోధకుడు

సభ్యులందరికీ నమస్కారం. నేను ఒక ప్రభుత్వ పాలిటెక్నిక్‌లో మెకానికల్ విభాగంలో పాఠాలు చెబుతున్నాను. మా కళాశాలలో ఎలక్ట్రికల్, మైనింగ్, కెమికల్ శాఖలు కూడా ఉన్నాయి. వర్చువల్ రియాలిటీ (వీఆర్) ప్రయోగశాలకు నిధులు వచ్చే అవకాశం ఉందని తెలిసి, 20 హెడ్‌సెట్లూ వాటిలో నడిచే పాఠాలూ కలిపి సరఫరా చేస్తామని ఒక సంస్థ ప్రతిపాదన పంపింది. దాని మీద సాంకేతిక అభిప్రాయం రాసే పని ప్రిన్సిపాల్ గారు నాకు అప్పగించారు.

ఆ సంస్థ వారు చూపించిన ఒక పటం ప్రకారం మనిషికి చదివినదాంట్లో 10 శాతం, విన్నదాంట్లో 20 శాతం, స్వయంగా చేసినదాంట్లో 90 శాతం గుర్తుంటుందట. వీఆర్‌లో విద్యార్థి స్వయంగా చేస్తాడు కాబట్టి 90 శాతం గుర్తుండిపోతుందట. నాకు ఆ లెక్క మీద నమ్మకం కుదరలేదు, కాదనడానికి చేతిలో ఆధారమూ లేదు. అయితే హెడ్‌సెట్ పెట్టుకున్నప్పుడు మా పిల్లల్లో కనిపించిన ఉత్సాహం మాత్రం నిజమైనదే. ఆ ఉత్సాహం చదువుగా మారుతుందా, ఏయే వృత్తుల శిక్షణలో ఇది పనిచేసినట్లు రుజువులున్నాయి అన్నవి నా ప్రశ్నలు. ఆయా వృత్తుల్లో ఉన్నవారు తమకు తెలిసినది రాస్తే, నేను రాయబోయే అభిప్రాయానికి ఒక ఆధారం ఏర్పడుతుంది.

బోధనా_పరిశోధన (మెల్‌బోర్న్)

ముందు ఆ శాతాల సంగతి తేల్చుకుందాం. అమెరికాలో దృశ్య శ్రవణ బోధన మీద పనిచేసిన ఎడ్గార్ డేల్ 1946లో ‘అనుభవ శంకువు’ అనే బొమ్మను ప్రచురించారు. ప్రత్యక్ష అనుభవం అడుగున, మాటలూ సంకేతాలూ పైకొసన ఉండేలా బోధన పద్ధతులను వర్గీకరించడం వరకే ఆయన ఉద్దేశం. ఆ బొమ్మలో ఒక్క శాతం కూడా లేదు. ఈ అంకెలను తర్వాత వేరెవరో తగిలించారు, వాటి వెనుక ప్రయోగమేదీ లేదు. మీ అభిప్రాయ పత్రంలో ఈ విషయం తప్పకుండా రాయండి, ఎందుకంటే ప్రతిపాదన బరువంతా ఆ ఒక్క పటం మీదే నిలబడి ఉన్నట్లుంది.

ఇక ఉత్సాహం చదువుగా మారుతుందా అన్న ప్రశ్నకు నిజమైన ప్రయోగాలు ఉన్నాయి. 2018లో శాంటా బార్బరాలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో పరాంగ్, మేయర్ అనే ఇద్దరు పరిశోధకులు మనిషి రక్తప్రవాహం గురించిన పాఠాన్ని కొందరు విద్యార్థులకు హెడ్‌సెట్‌లో, మరికొందరికి మామూలు స్లైడ్ల రూపంలో చూపించారు. హెడ్‌సెట్ పెట్టుకున్నవారు పాఠం చాలా ఆసక్తిగా ఉందన్నారు. పరీక్షలో ఎక్కువ మార్కులు మాత్రం స్లైడ్లు చూసినవారికే వచ్చాయి. 2019లో మక్రాన్‌స్కీ బృందం 52 మంది విశ్వవిద్యాలయ విద్యార్థుల మీద చేసిన ప్రయోగంలో ఒకే జీవశాస్త్ర ప్రయోగశాల అనుకరణను కంప్యూటర్ తెర మీదా, హెడ్‌సెట్‌లోనూ ఇచ్చి పోల్చారు. హెడ్‌సెట్‌లో తాము నిజంగా అక్కడే ఉన్నామన్న భావన ఎక్కువగా కలిగింది, నేర్చుకున్నది తక్కువగా ఉంది. మెదడు విద్యుత్ తరంగాలను కొలిచి చూస్తే ఆలోచన మీద పడిన భారం కూడా ఎక్కువగానే కనిపించింది. చుట్టూ చూడవలసినవి అన్ని ఉన్నప్పుడు విద్యార్థి ధ్యాస పాఠంలోని ముఖ్యాంశం మీద నిలవడం కష్టమని వారి వివరణ.

అయితే మొదటి పరిశోధనలోనే ఆశ కలిగించే భాగం కూడా ఉంది. వీఆర్ పాఠాన్ని ముక్కలుగా విడగొట్టి, ప్రతి ముక్క తర్వాతా విద్యార్థి తాను గ్రహించినదాన్ని సొంత మాటల్లో రాసేలా చేస్తే ఫలితాలు మెరుగుపడ్డాయి. అంటే హెడ్‌సెట్ తీసి, కాగితం మీద రాసి, మళ్ళీ పెట్టుకోవాలి. సరఫరాదారులు చూపించే ప్రదర్శనల్లో ఈ కాగితం ఎక్కడా కనిపించదు.

వీఆర్_శిల్పి (మాదాపూర్)

నేను వీఆర్ శిక్షణ పాఠాలు తయారు చేసే వృత్తిలోనే ఉన్నాను కాబట్టి నా మాటను ఆ ఎరుకతోనే తీసుకోండి. పై సభ్యురాలు ఉదహరించిన రెండు పరిశోధనలూ నేను చదివినవే, వాటిని కాదనను. కానీ రెండూ ఒకే రోజు, కొద్ది నిమిషాల పాటు జరిగిన ప్రయోగాలు. 2020లో వూ, యూ, గూ అనే పరిశోధకులు 35 ప్రయోగాలను కలిపి విశ్లేషించినప్పుడు, హెడ్‌సెట్‌తో నేర్చుకున్నవారికి మొత్తం మీద 0.24 ప్రభావ పరిమాణంలో (రెండు జట్ల మధ్య తేడాను చెప్పే గణాంక కొలత) లాభం కనిపించింది. అది చిన్న లాభమే, కానీ నష్టమైతే కాదు. ఏ పాఠం, ఎవరికి, ఎంతసేపు అన్నదాన్ని బట్టి ఫలితం మారుతుందని దాని సారాంశం.

రక్తప్రవాహం వంటి పాఠంలో విద్యార్థి చూడటం తప్ప చేసేదేమీ లేదు, అలాంటి పాఠానికి హెడ్‌సెట్ అవసరం లేదని నేనూ అంటాను. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో జెరెమీ బెయిలెన్సన్ చాలాకాలంగా చెబుతున్న కొలమానం ఒకటుంది: నిజ జీవితంలో ప్రమాదకరమైనది, అసాధ్యమైనది, చేస్తే నష్టం తెచ్చేది, లేదా విపరీతంగా ఖర్చయ్యేది అయితేనే దాన్ని వీఆర్‌లో చేయాలి. మా కార్యాలయంలో కొత్త పని వచ్చినప్పుడల్లా ఈ నాలుగు ప్రశ్నలూ అడుగుతాం. వాటిలో ఒక్కదానికైనా ఔనన్న జవాబు రాకపోతే ఆ పని వదులుకోమని నేను గట్టిగా చెబుతాను.

భౌతికశాస్త్రం_జడ్పీ

జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో భౌతికశాస్త్రం చెబుతాను. పాఠశాల స్థాయి గురించి రెండు మాటలే రాస్తాను, ఎందుకంటే ప్రశ్న పాలిటెక్నిక్ గురించి.

45 నిమిషాల పీరియడ్‌లో హెడ్‌సెట్లు పంచి, ఒక్కొక్కరికీ సరిచేసి, ఆగిపోయినవాటిని మళ్ళీ నడిపించి, తిరిగి తీసుకునేసరికి పాఠానికి మిగిలేది సగం కాలమే. చంద్రకళలు ఎందుకు మారతాయో పిల్లలకు బోధపడటం నిజంగా కష్టం. భూమికి బయట నిలబడి చూడగలిగితే తేలిగ్గా అర్థమవుతుంది కాబట్టి ఇది వీఆర్‌కు తగిన పాఠమే. కానీ చీకటి గదిలో ఒక బల్బు వెలిగించి, పిల్లలు తలా ఒక బంతి పట్టుకుని తమ చుట్టూ తాము తిరిగితే అదే విషయం ఒక్క పీరియడ్‌లో బోధపడుతుంది, పైగా పక్కవాడితో మాట్లాడుతూ నేర్చుకుంటారు. కేంద్ర విద్యాశాఖ చొరవతో ఐఐటీలు, మన హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ వంటి సంస్థలు కలిసి తయారు చేసిన వర్చువల్ ల్యాబ్స్ మామూలు కంప్యూటర్‌లో ఉచితంగా నడుస్తాయి. వాటిని పూర్తిగా వాడుకున్న తర్వాతే హెడ్‌సెట్ గురించి ఆలోచించడం న్యాయమని నా అభిప్రాయం.

నేత్రవైద్యురాలు_గుంటూరు

వృత్తి శిక్షణలో రుజువులు అడిగారు కాబట్టి మా రంగంలో ఉన్నవి చెబుతాను. ఇవి చాలా బలమైనవి, వీటిని తక్కువ చేయకూడదు.

శస్త్రచికిత్సలో మొదటి గట్టి రుజువు 2002లో వచ్చింది. యేల్ విశ్వవిద్యాలయంలో 16 మంది శస్త్రచికిత్స విద్యార్థుల్లో సగం మందికి వీఆర్ సిమ్యులేటర్ (అసలు పనిని అనుకరించే సాధన యంత్రం) మీద నిర్ణీత నైపుణ్యం వచ్చేవరకు సాధన చేయించి, తర్వాత అందరిచేతా నిజమైన పిత్తాశయ శస్త్రచికిత్సలో ఒక భాగం చేయించారు. ఎవరు సాధన చేశారో తెలియని నిపుణులు వీడియోలు చూసి లెక్కించారు. సాధన చేసినవారు 29 శాతం త్వరగా పూర్తి చేశారు. సాధన చేయనివారు పిత్తాశయానికి గాయం చేయడం గానీ, కాల్చకూడని చోట కాల్చడం గానీ అయిదు రెట్లు ఎక్కువగా జరిగింది.

కంటిశుక్లం శస్త్రచికిత్స విషయంలో ఇంకా పెద్ద లెక్క ఉంది. బ్రిటన్‌లో మొదటి, రెండో సంవత్సరం శిక్షణలో ఉన్న 265 మంది చేసిన 17,831 శస్త్రచికిత్సల నమోదులను పరిశీలించి 2020లో ప్రచురించారు. లెన్సు వెనుక పొర చిరిగిపోవడం మా శస్త్రచికిత్సలో అందరూ భయపడే చిక్కు. ఆ చిక్కు 2009లో 4.2 శాతం శస్త్రచికిత్సల్లో వచ్చేది, 2015 నాటికి 2.6 శాతానికి తగ్గింది. ఆ సంవత్సరాల్లోనే అక్కడ వీఆర్ సిమ్యులేటర్లు శిక్షణలో భాగమయ్యాయి. లెన్సు ముందు పొరను గుండ్రంగా చీల్చే పని మాకు అన్నిటికంటే కష్టంగా వచ్చే నైపుణ్యం. చీలిక ఒక్కసారి అంచువైపు పారిపోతే తిప్పుకోవడం కష్టం, రోగి కన్ను మీద దాన్ని మళ్ళీ మళ్ళీ సాధన చేసే వీలు ఉండదు. సిమ్యులేటర్ మీద ఆ ఒక్క పనినే ఎన్నిసార్లయినా చేయవచ్చు, చేయి ఎక్కడ వణికిందో యంత్రం చెబుతుంది.

కానీ బోధకుడు గారు ఒక విషయం గమనించాలి. యేల్‌లో వాడినది గానీ, బ్రిటన్ కంటి వైద్యులు వాడినది గానీ తలకు తగిలించుకునే మామూలు హెడ్‌సెట్ కాదు. కంటి వైద్యుల సిమ్యులేటర్‌లో ఒక బొమ్మ తల, దానికొక కృత్రిమ కన్ను, శస్త్రచికిత్సలో వాడే సూక్ష్మదర్శిని వంటిదే ఒకటి, కాలి పెడళ్ళు, చేతికి నిజమైన ఆకారంలో పనిముట్లు ఉంటాయి. ఆ యంత్రాల విలువ ఆ పనిముట్లలో ఉంది. ఈ అంకెలను చూపించి ఎవరైనా రెండు కంట్రోలర్లున్న హెడ్‌సెట్‌ను అమ్మజూపితే ఒప్పుకోకండి.

ఇంకొకటి. 2021లో ప్రచురితమైన, తూర్పు, దక్షిణ ఆఫ్రికా దేశాల శిక్షణార్థులు 50 మందితో చేసిన ఒక ప్రయోగంలో, కోత చిన్నదిగా ఉండే కంటిశుక్లం శస్త్రచికిత్సను కంప్యూటర్ లేకుండా కృత్రిమ కళ్ళ మీదే తీవ్రంగా సాధన చేయించారు. వారి నైపుణ్యం మామూలు శిక్షణ పొందినవారికంటే ఎంతో మెరుగ్గా తేలింది. క్రమబద్ధమైన సాధన, వెంటనే తప్పు చూపించే గురువు, నిర్ణీత స్థాయి చేరేదాకా రోగి దగ్గరికి పంపకపోవడం అనే మూడూ ఉంటే ప్లాస్టిక్ కన్ను కూడా ఫలితమిస్తుంది.

గగన_శిక్షకుడు

వైద్యురాలు గారు చెప్పిన చివరి మాట మా విమాన రంగం మొదటి రోజుల నుంచీ ఉన్నదే. హైదరాబాద్‌లో పైలట్లకు సిమ్యులేటర్ శిక్షణ ఇచ్చి పదవీ విరమణ చేసినవాణ్ణి.

మా వృత్తిలో సిమ్యులేటర్ చరిత్ర కంప్యూటర్ కంటే పాతది. అమెరికాలో ఎడ్విన్ లింక్ అనే యువకుడు, తమ కుటుంబం తయారు చేసే పైప్ ఆర్గాన్ వాద్యాలలోని గాలి తిత్తులనే వాడి, 1929లో నేల మీదే ఒరుగుతూ తిరిగే శిక్షణ విమానాన్ని రూపొందించారు. మొదట్లో దాన్ని తిరునాళ్ళలో వినోదంగా చూశారు. 1934లో అమెరికా సైన్యానికి టపా మోసే పని అప్పగించినప్పుడు, మబ్బుల్లో పరికరాలు చూసి నడపడం రాని పైలట్లు వరుసగా ప్రాణాలు కోల్పోయారు. ఆ తర్వాతే సైన్యం ఆరు యంత్రాలను కొన్నది. రెండో ప్రపంచ యుద్ధం ముగిసేసరికి లక్షల మంది వాటి మీద శిక్షణ పొందారు. ఆ యంత్రంలో కిటికీ బయట చూపించే దృశ్యమే లేదు. పైన మూత వేస్తే లోపల చీకటి, ఎదురుగా పరికరాలు, చేతిలో అదుపు కర్ర ఉండేవి. నేర్పవలసినది పరికరాలను నమ్మడం కాబట్టి అంతకు మించి అవసరం లేకపోయింది.

ఈ రోజు అత్యున్నత స్థాయి సిమ్యులేటర్ మీద శిక్షణ పూర్తి చేసిన అనుభవజ్ఞుడైన పైలట్, కొత్త రకం విమానాన్ని మొదటిసారి నడిపేది ప్రయాణికులతోనే కావచ్చు. అంత నమ్మకం పెట్టాం కాబట్టే ప్రతి సిమ్యులేటర్‌ను నియంత్రణ సంస్థ పరీక్షించి ధ్రువీకరిస్తుంది, మళ్ళీ మళ్ళీ పరీక్షిస్తుంది. హెడ్‌సెట్‌తో నడిచే సిమ్యులేటర్‌కు ఐరోపా విమానయాన భద్రతా సంస్థ మొదటిసారి గుర్తింపు ఇచ్చింది 2021లో, రాబిన్సన్ ఆర్22 హెలికాప్టర్ శిక్షణకు. అక్కడ కూడా చేతిలో నిజమైన అదుపు కర్రలున్నాయి, కూర్చున్న వేదిక కదులుతుంది.

ధ్రువీకరణ మీద ఇంత పట్టుదల ఎందుకో చెప్పడానికి ఒక ప్రమాదాన్ని ప్రస్తావిస్తాను. 2001 నవంబర్ 12న న్యూయార్క్ నుంచి బయలుదేరిన అమెరికన్ ఎయిర్‌లైన్స్ 587వ విమానం, ముందు వెళ్ళిన పెద్ద విమానం వదిలిన గాలి సుడిలో చిక్కింది. కో-పైలట్ రడ్డర్‌ను (తోకలోని చుక్కాని పలకను) అటూ ఇటూ బలంగా తొక్కడంతో తోక నిలువు రెక్క విరిగిపోయి 265 మంది మరణించారు. అమెరికా రవాణా భద్రతా మండలి 2004లో ఇచ్చిన నివేదికలో, ఆ విమానపు రడ్డర్ వ్యవస్థ రూపకల్పనతో పాటు సంస్థ ఇచ్చిన శిక్షణలోని అంశాలూ ప్రమాదానికి దోహదం చేశాయని పేర్కొంది. గాలి సుడి అభ్యాసంలో విమానం బాగా ఒరిగిపోయేవరకు పైలట్ ఇచ్చే అదుపు పనిచేయకుండా సిమ్యులేటర్‌ను అమర్చారు. దానివల్ల గాలి సుడి అంటే విమానాన్ని తలకిందులు చేసేంత ప్రమాదమన్న అతిశయోక్తి, గట్టిగా తొక్కితే తప్ప లాభం లేదన్న అలవాటు పైలట్లకు ఏర్పడి ఉండవచ్చని మండలి భావించింది.

కళాశాలలు కొనే పాఠాలకు ఇలాంటి పరిశీలన ఎవరు చేస్తున్నారు? తప్పు నేర్పే యంత్రం ఏమీ నేర్పని యంత్రం కంటే చెడ్డది. అందులో నేర్చుకున్నవాడు తనకు పని వచ్చుననే ధైర్యంతో బయటికి వస్తాడు కాబట్టి ఆ తప్పు బయటపడేది నిజమైన యంత్రం దగ్గరే.

బొగ్గుబాయి_మాస్టారు

గోదావరి లోయ బొగ్గు గనుల్లో ఓవర్‌మన్‌గా (గని లోపలి పనిని పర్యవేక్షించే ఉద్యోగిగా) పనిచేసి, చివరి సంవత్సరాల్లో వొకేషనల్ ట్రైనింగ్ సెంటర్‌లో కొత్తవారికి పాఠాలు చెప్పాను. బోధకుడు గారి కళాశాలలో మైనింగ్ శాఖ ఉందని చదివి రాస్తున్నాను.

1966 నాటి గనుల వృత్తి శిక్షణ నిబంధనల ప్రకారం కొత్త కార్మికుడికి బాయిలో (గనిలో) పని అప్పగించే ముందే శిక్షణ ఇవ్వాలి. ఆ శిక్షణలో ఎప్పుడూ ఒక చిక్కు ఉండేది. ప్రమాదం ఎలా ఉంటుందో చూపించాలి, కానీ ప్రమాదం దగ్గరికి తీసుకుపోకూడదు. పైకప్పు ఎప్పుడు వదులైందో, పక్క గోడ నుంచి పెళ్ళ ఎప్పుడు జారబోతుందో, ఏ ప్రాప్ (పైకప్పుకు పెట్టే ఊత) మీద బరువు పడుతున్నదో నల్లబల్ల మీద బొమ్మ గీసి చెప్పేవాళ్ళం. బొమ్మలో పగులు అందరికీ కనబడుతుంది, టోపీ దీపం వెలుగులో కనబడదు. ఇక్కడ హెడ్‌సెట్‌కు నిజమైన పని ఉందని నా నమ్మకం. చీకట్లో దీపం ఎటు తిప్పితే అంతమేరకే కనబడేలా చేసి, ఆ గ్యాలరీలో (గని లోపలి సొరంగ దారిలో) ఉన్న ప్రమాదాలు వెతకమంటే, కుర్రవాడు ఎటు చూశాడో, ఏది చూడకుండా దాటిపోయాడో బోధకుడికి రికార్డు అవుతుంది. ఆ సమాచారం మాకు ఏనాడూ దొరకలేదు.

ఆస్ట్రేలియాలో న్యూ సౌత్ వేల్స్ విశ్వవిద్యాలయం వారు బొగ్గు గని శిక్షణకు చుట్టూ 360 డిగ్రీల తెర ఉన్న గదిని నిర్మించారు. అందులో ఒక జట్టంతా కలిసి నిలబడి చూస్తుంది. మన దేశంలో ధన్‌బాద్ ఐఐటీలో కూడా ఆస్ట్రేలియా సంస్థ సహకారంతో గని సిమ్యులేటర్ ఏర్పడింది. గదిలో అందరూ కలిసి చూడటం నాకు నచ్చిన విషయం, ఎందుకంటే బాయిలో ఎవరూ ఒంటరిగా పనిచేయరు. పక్కవాడు అరిచిన కేక విని వెనక్కి రావడం కూడా శిక్షణలో భాగమే.

హెడ్‌సెట్ నేర్పలేనిది కూడా చెప్పాలి. పైకప్పును కడ్డీతో తట్టి, ఇంకో చేతిని పైకప్పుకు ఆనించి, గట్టి శబ్దమా బోలు శబ్దమా అని వినడం మా పనిలో మొదటి పాఠం. ఆ అదురు వేళ్ళకు తెలియాలి. అది బాయిలోనే, అనుభవమున్న మైనింగ్ సర్దార్ (కార్మికుల జట్టును చూసుకునే పర్యవేక్షకుడు) పక్కన నిలబడే నేర్చుకోవాలి. ప్రమాదం వచ్చినప్పుడు సెల్ఫ్ రెస్క్యూయర్ (విషవాయువుల మధ్య ఊపిరికి తోడ్పడే అత్యవసర పరికరం) తీసి నోటికి పెట్టుకోవడం కూడా అంతే. దాని క్లిప్పు ముక్కును బిగించే తీరు, లోపల గాలి వేడెక్కడం హెడ్‌సెట్‌లో ఉండవు. శిక్షణకు వాడే సెల్ఫ్ రెస్క్యూయర్ నమూనాలు వేరుగా దొరుకుతాయి, వాటికి కూడా కొంత నిధి కేటాయించండి.

ఐటీఐ_వెల్డింగ్

నేను వెల్డింగ్ ట్రేడ్ బోధిస్తాను. మాస్టారు గారు, మీరు రాసిన చేతి సంగతి మా ట్రేడ్‌లో యంత్రంలోనే కొంతవరకు పరిష్కారమైంది.

లింకన్ ఎలక్ట్రిక్ సంస్థ 2009లో వీఆర్ వెల్డింగ్ యంత్రాన్ని తెచ్చింది, తర్వాత వేరే సంస్థలవీ వచ్చాయి. అందులో తెర హెల్మెట్ లోపలే ఉంటుంది, చేతిలో నిజమైన ఆకారంలో టార్చ్ (వెల్డింగ్ చేసే పనిముట్టు) ఉంటుంది, ఎదురుగా అతకవలసిన లోహానికి బదులు ప్లాస్టిక్ ముక్క ఉంటుంది. ఆర్క్ (లోహాన్ని కరిగించే విద్యుత్ మెరుపు) పొడవు, టార్చ్ కోణం, కదలిక వేగం ఎక్కడ తప్పాయో పని పూర్తయిన వెంటనే గీతలుగా చూపిస్తుంది. అసలు బూత్‌లో (నిజమైన వెల్డింగ్ చేసే చిన్న గదిలో) ఇది సాధ్యం కాదు. వెలుగు వల్ల నేను కూడా విద్యార్థి చేతిని సరిగా చూడలేను, బీడ్ (అతుకు వెంబడి ఏర్పడే లోహపు గీత) చల్లారిన తర్వాత చూసి ఎక్కడ తప్పాడో ఊహించి చెప్పాలి.

2011లో అమెరికాలోని అయోవా స్టేట్ విశ్వవిద్యాలయం వారు సగం కాలం యంత్రం మీద, సగం కాలం నిజమైన బూత్‌లో సాధన చేసినవారిని, కాలమంతా బూత్‌లోనే గడిపినవారితో పోల్చారు. సర్టిఫికేషన్ పరీక్షలో సగం సగం చేసినవారే మెరుగ్గా ఉత్తీర్ణులయ్యారు, ఖర్చయిన ఇనుమూ ఎలక్ట్రోడ్లూ తగ్గాయి. ఈ ఫలితం నుంచి బూత్‌లు మూసివేయవచ్చని ఎవరూ తీర్మానించకూడదు. వేడి, పొగ, మీద పడే నిప్పురవ్వలు, కరిగిన లోహం జారిపోతుందన్న భయం బూత్‌లోనే ఉంటాయి, ఆ భయాన్ని అదుపు చేసుకోవడమే సగం వెల్డింగ్.

మెకానికల్ విభాగానికి 20 హెడ్‌సెట్ల బదులు ఇలాంటి యంత్రం ఒక్కటి అడగడం మేలని నా సలహా. విద్యార్థులు వంతులవారీగా వాడతారు, మిగతావారు పెద్ద తెర మీద చూసి చర్చిస్తారు.

డిప్లొమా_బోధకుడు

అందరి సమాధానాలూ శ్రద్ధగా చదివాను, హృదయపూర్వక కృతజ్ఞతలు. నాకు అర్థమైనంతలో, నైపుణ్యం చేతిలో ఉన్నప్పుడు అసలు పనిముట్టు లాంటిది చేతికి ఇవ్వని వీఆర్ వ్యర్థం. నైపుణ్యం చూపులోనూ నిర్ణయంలోనూ ఉన్నప్పుడు మామూలు హెడ్‌సెట్ కూడా పనికివస్తుంది. మాస్టారు గారి గ్యాలరీ ఉదాహరణ రెండో రకానికి చెందుతుంది. మా కెమికల్ శాఖకు కూడా అలాంటి అవసరం ఉందనిపిస్తోంది. 2020 మే 7న విశాఖ ఆర్.ఆర్. వెంకటాపురంలో స్టైరీన్ (ప్లాస్టిక్ తయారీలో వాడే రసాయనం) ఆవిరి లీకై 12 మంది చనిపోయినప్పుడు, సైరన్ మోగలేదన్న విషయం ప్రభుత్వం నియమించిన ఉన్నతస్థాయి కమిటీ నివేదికలోనూ వచ్చింది. లీకు మొదలైన తొలి నిమిషాల్లో ఎవరు ఏమి నొక్కాలి, ఎటు పరుగెత్తాలి, గాలి ఎటు వీస్తోందో ఎలా చూడాలి అన్నవి మా విద్యార్థులు నిజమైన ప్లాంటులో ఎప్పుడూ సాధన చేయలేరు.

ఇప్పుడు నిర్వహణ గురించి అడుగుతున్నాను. కొన్న తర్వాత వచ్చే ఇబ్బందులు ఏమిటి?

వీఆర్_శిల్పి (మాదాపూర్)

మొదటిది తల తిరగడం. కళ్ళకు కదులుతున్నట్లు కనిపిస్తూ, లోపలి చెవికి కదలిక తెలియనప్పుడు చాలామందికి వికారం వస్తుంది. విద్యార్థి నిజంగా నడిచినంత మేరకే దృశ్యం కదిలే పాఠాలు, లేదా ఒక చోటి నుంచి ఇంకో చోటికి ఒక్కసారిగా చేరుకునే పాఠాలు ఎంచుకోండి. కంట్రోలర్ నొక్కితే తేలుతూ ముందుకు సాగే పాఠాలను ప్రదర్శనలోనే తిరస్కరించండి. రెండు కనుపాపల మధ్య దూరానికి తగినట్లు అద్దాలను సరిచేయడం ప్రతి విద్యార్థికీ జరగాలి. ఆడవారికి వికారం ఎక్కువగా రావడానికి, వారి కళ్ళ దూరానికి హెడ్‌సెట్ సరిపడకపోవడం ఒక ముఖ్య కారణమని 2020లో వచ్చిన ఒక పరిశోధన తేల్చింది. సరిచేసే వీలు పరిమితంగా ఉన్న హెడ్‌సెట్ కొంటే మీ అమ్మాయిలకే అన్యాయం జరుగుతుంది.

రెండోది, కొన్నది ఎంతకాలం పనిచేస్తుందన్నది. గూగుల్ సంస్థ బడుల కోసం 2015లో మొదలుపెట్టిన ఎక్స్‌పెడిషన్స్ అనే వీఆర్ పర్యటనల కార్యక్రమాన్ని 2021 జూన్‌లో నిలిపివేసింది. మైక్రోసాఫ్ట్ తన విండోస్ మిక్స్‌డ్ రియాలిటీ వ్యవస్థను 2024లో విండోస్ 11 కొత్త రూపం నుంచి తొలగించింది; వాటికోసం కొన్న హెడ్‌సెట్లు చెడిపోకుండానే ఆ కొత్త రూపంలో పనికిరాకుండా పోయాయి. కాబట్టి పాఠాలు ఇంటర్నెట్ లేకుండా నడవాలని, ఏటా చందా కట్టకపోయినా కొన్న పాఠం మీ దగ్గర ఉండాలని, వేరే సంస్థ హెడ్‌సెట్‌లో కూడా నడిచే ప్రమాణంలో తయారు కావాలని ఒప్పందంలో రాయించుకోండి. నా వ్యాపారానికి ఇవి ఇబ్బందికరమైన షరతులే, అయినా ప్రభుత్వ ధనం విషయంలో ఇవి ఉండాలి.

మూడోది భాష. ఆదేశాలు ఇంగ్లీషులో వేగంగా వినిపిస్తే, విద్యార్థి ధ్యాస వాల్వు మీద కాక వాక్యం మీద ఉంటుంది. తెలుగు వాచకం రికార్డు చేయడం పెద్ద ఖర్చు కాదు, అడగండి. అయితే ప్లాంటులో బోర్డుల మీద ఏ మాట ఉంటుందో పాఠంలోనూ అదే మాట ఉంచాలి.

శుభ్రత సంగతి చెప్పనవసరం లేదు, ముఖానికి తగిలే మెత్తలు తుడవడానికి వీలైన రకం తీసుకోండి.

బోధనా_పరిశోధన (మెల్‌బోర్న్)

శిల్పి గారి షరతులకు ఒకటి చేరుస్తాను. పాఠం పూర్తయిన రోజున విద్యార్థులు నింపే సంతృప్తి పత్రాన్ని ఫలితంగా లెక్కించవద్దు. పెద్ద సలహా సంస్థ ఒకటి 2020లో తన ఉద్యోగుల మీదే అధ్యయనం చేసి, వీఆర్‌లో నేర్చుకున్నవారు తరగతి గదికంటే నాలుగు రెట్లు త్వరగా పూర్తి చేశారని ప్రకటించింది. ఆ అంకె అన్ని ప్రతిపాదనల్లోకీ పాకింది. త్వరగా పూర్తి కావడం వేరు, పనిలో తేడా రావడం వేరు. వైద్యురాలు గారు చెప్పిన యేల్ ప్రయోగంలో కొలత సిమ్యులేటర్ మీద కాక, నిజమైన శస్త్రచికిత్సలో, ఎవరు సాధన చేశారో తెలియని పరిశీలకులతో జరిగింది. మీ స్థాయిలో అంత సాధ్యం కాకపోయినా ఆ పద్ధతి మాత్రం సాధ్యమే.

డిప్లొమా_బోధకుడు

అభిప్రాయ పత్రం ముసాయిదా సిద్ధమైంది. 20 హెడ్‌సెట్ల బదులు ఆరు హెడ్‌సెట్లు, పనిముట్టుతో కూడిన వెల్డింగ్ సిమ్యులేటర్ ఒకటి, సెల్ఫ్ రెస్క్యూయర్ శిక్షణ నమూనాలు కొన్ని అడుగుతున్నాను. పాఠాలు రెండే కోరుతున్నాను: గని గ్యాలరీలో ప్రమాదాలను గుర్తించడం, రసాయన లీకు మొదలైనప్పుడు తొలి నిమిషాల్లో చేయవలసిన పని. ఆ రెండింటినీ అనుభవమున్న ఓవర్‌మన్, ప్లాంటు భద్రతాధికారి పరిశీలించి, తప్పులు లేవని సంతకం చేసిన తర్వాతే సొమ్ము చెల్లించాలన్న షరతును గగన_శిక్షకుడు గారి మాటను మనసులో పెట్టుకునే చేర్చాను. శాతాల పటం గురించి విడిగా ఒక పేరా రాశాను.

ఒక్క సందేహం మిగిలింది. గ్యాలరీ పాఠం ఉపయోగపడిందో లేదో మా కళాశాలలోనే తేల్చడానికి పరీక్ష ఎలా పెట్టాలి?

బొగ్గుబాయి_మాస్టారు

మైనింగ్ విద్యార్థులను చీటీలు తీసి రెండు జట్లు చేయండి. ఒక జట్టుకు హెడ్‌సెట్‌లో, ఇంకో జట్టుకు ఫొటోలూ నల్లబల్లతో అదే పాఠం అంతే సమయం చెప్పండి. గని సందర్శనకు అందరినీ ఎలాగూ తీసుకుపోతారు కదా, అది పాఠమైన కొన్ని వారాల తర్వాత ఉండేలా చూసుకోండి. సురక్షితమని ముందే తనిఖీ చేసిన ఒక గ్యాలరీలో, ఒక్కొక్కరినీ విడిగా నడిపించి, గమనించినవన్నీ కాగితం మీద రాయమనండి. ఎవరు ఏ జట్టో తెలియని ఓవర్‌మన్ ఆ కాగితాలు దిద్దాలి. రెండో జట్టుకు తక్కువ వస్తే, వారికి కూడా తర్వాత హెడ్‌సెట్ పాఠం ఇవ్వడం మరచిపోవద్దు. గ్యాలరీలో వెతకవలసిన ప్రమాదాల జాబితా నేను రాసి పెడతాను, మీ మైనింగ్ విభాగాధిపతి గారితో ఒకసారి సరిచూసుకోండి.